పెందుర్తి పరిసరములందలి ప్రాచీన స్థలములు - వాని సంరక్షణ

(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ప్రసంగ పాఠము)



పెందుర్తి కూడలిలో నిలిచిన బాటసారికి రెండువేల సంవత్సరముల చరిత్ర ఒక పూట ప్రయాణములో నున్నది. తూర్పున సింహాచలము కొండల వరుస. నైఋతి దిక్కున సబ్బవరము మీదుగా పోయినచో అనకాపల్లియు, దాని చెంత శంకరమును. ఈశాన్యమున ఆనందపురము దాటి సముద్రపుటొడ్డునకు దిగినచో తొట్లకొండ, బావికొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమునిపట్టణము. ఆనందపురమునుండి పెందుర్తి మీదుగా అనకాపల్లివరకు నేడు ఆరు వరుసల రహదారి పడినది. ఆ రహదారికి ఇరుప్రక్కల భూమి ధర యేమగునో సభాసదులకు వేరుగ చెప్పనక్కరలేదు. కొండను పిండిచేసి కంకరగా అమ్మువానికిని, పొలమును చదునుచేసి ఇండ్ల స్థలములుగా విభజించువానికిని ఆ దారియే దారి. ప్రాచీన స్థలములకు ముప్పు ఎచ్చటనో దూరదేశమునుండి రాదు. ఈ కూడలినుండియే బయలుదేరును. కావున ఈ విషయమును పట్టణములోని పండిత సభకంటె ఈ గ్రంథాలయమున ప్రస్తావించుటయే తగును.

ముందుగా పేర్లను గురించి కొంత చెప్పవలసియున్నది. శంకరము అను గ్రామనామము సంఘారామమను మాటకు వికృతి. బౌద్ధ భిక్షువుల సంఘము నివసించిన ఆరామము సంఘారామము. బౌద్ధము పోయినది, భిక్షువులు పోయిరి, మాట మాత్రము నోళ్ళలో నలిగి శంకరమై, శివునిపేరువలె వినబడుచు నిలిచినది. అచ్చటి రెండు కొండలలో ఒకటి బొజ్జన్నకొండ; బుద్ధన్నయే బొజ్జన్న అయ్యెనని పెద్దలు చెప్పుదురు. రెండవది లింగాలకొండ. కొండరాతినే తొలిచి వరుసలు వరుసలుగా నిలిపిన చిన్న స్తూపములను చూచి, ఇవి లింగములని జనులు తలచిరి. పేరు ఆ విధముగ కుదిరినది. సముద్రతీరమున తొట్లకొండకు ఆ పేరు రాతిలో తొలిచిన నీటితొట్లవలన వచ్చినది. బావికొండకు బావులవలన. భీమునిపట్టణమున పావురాలకొండ గలదు. అచ్చటను రాతి తొట్లు గలవు. త్రవ్వకములు జరుగుటకు అనేక శతాబ్దములకు ముందే గొర్రెలకాపరులును, కట్టెలు కొట్టువారును ఆ కొండలపై నేమున్నదో తెలిసికొని, తెలిసినదానిని పేరులో దాచిపెట్టిరి. ఇప్పుడు క్రొత్తగా వెలయు కాలనీలకు ఆ పేర్లు తీసివేసి, ఎవరికిని అర్థముకాని విలాసపు పేర్లు పెట్టుచున్నారు. రాయి పోవుటకంటె ముందు పేరు పోవును. ఈ సంగతిని పురావస్తు శాస్త్రజ్ఞులు కూడ అంతగా పట్టించుకొన్నట్లు కనబడదు.

తొట్లకొండ కథ విచిత్రమైనది. విశాఖపట్టణమునుండి భీమిలికి పోవు తీరమార్గమున మంగమారిపేట యొద్ద నున్న ఈ కొండ సముద్రమట్టమునకు సుమారు 128 మీటర్ల ఎత్తున నున్నది. 1976లో నౌకాదళమువారు తమ స్థావరము కొరకు విమానముపైనుండి పరిశీలన జరుపుచుండగా కొండమీది శిథిలములు కంటబడినవి. 1988 మొదలు 1993 వరకు రాష్ట్ర పురావస్తుశాఖవారు త్రవ్వకములు జరిపిరి. సుమారు 120 ఎకరముల మేర మహాస్తూపము, చైత్యగృహములు, భిక్షువుల విహారములు, భోజనశాల, వంటశాల బయల్పడినవి. శాతవాహనుల సీసపు నాణెములును, రోమను సామ్రాజ్యపు వెండి నాణెములును దొరకినవి. బ్రాహ్మీ లిపిలో శాసనములు దొరకినవి. క్రీస్తుకు పూర్వము మొదలై క్రీస్తుశకము మూడవ శతాబ్దివరకు ఇచ్చట భిక్షువులు వసించిరని నిపుణుల నిర్ణయము.

వంటశాల, భోజనశాల అనిన మాటలు విని తేలికగా దాటిపోరాదు. భిక్షువులు వర్షాకాలమున దేశసంచారము మాని ఒక్కచోట నిలుచుట నియమము. కొండ తలపై ఊట లేదు. వాన కురిసిననాడు ఆ నీరు వృథాగా సముద్రమునకు జారిపోకుండ రాతిని తొలిచి తొట్లు చేసి, నీటిని అందు నిలువచేసి, సంవత్సరమంతయు వాడుకొనిరి. నేడు విశాఖ నగరము నీటికొరకు దూరపు నదులవైపు చూచుచున్నది. ఇరువది శతాబ్దముల క్రిందట అదే తీరమున, అదే వానతో, ఒక సంఘము సంఘమంతయు బ్రతికెను. ఆ తొట్లను కాపాడుట భక్తికొరకు మాత్రమే కాదు. అది ఒక ఇంజనీరింగు పాఠము. ఇక రోమను నాణెములు కొండ యెక్కుటకు కారణము క్రింద నున్న సముద్రమే. వర్తకులు దానములిచ్చిరి, భిక్షువులు ఆశ్రయమిచ్చిరి. విశాఖ రేవు 1933లో తెరువబడినదని పాఠ్యపుస్తకములు చెప్పును. ఈ తీరమున ఓడల రాకపోకలు మాత్రము అప్పటికే మిక్కిలి పాతవి.

బావికొండలో 1982 మొదలు 1987 వరకు త్రవ్వకములు జరిగినవి. అచ్చట మట్టిపాత్రయందు భద్రపరుపబడిన అస్థిశకలము దొరకినది. అది ఎవరిదైనను, ఒక మహాపురుషునిదని నమ్మి పూజించినవారు దానిచుట్టు ఇటుకలు పేర్చిరనుట నిశ్చయము.

కనిపెట్టుట వేరు, కాపాడుట వేరు. 2019 అక్టోబరులో కురిసిన భారీవర్షములకు తొట్లకొండ మహాస్తూపపు కట్టడము కొంతమేర కూలినది. పిమ్మట దానిని పునర్నిర్మించిరి. మట్టిలో కప్పబడియున్నంతకాలము ఇటుక భద్రముగా నుండును. త్రవ్వి వెలికితీసిన మరునాటినుండి ఎండ, వాన, ఉప్పుగాలి, చెట్ల వ్రేళ్ళు దానిపై పనిచేయ మొదలిడును. నీరు లోపలికి దిగి, లోని మట్టి నాని, పైవరుసలను వెలుపలికి నెట్టును. కావున త్రవ్వకములు జరిపిన ప్రభుత్వము ప్రతి వర్షాకాలమునకు ముందు మురుగుకాలువలు తీయుట, మొక్కలు పెరుకుట అను చిన్న పనులకు పైకము కేటాయింపక తప్పదు. ప్రారంభోత్సవములకు దొరకు పైకము ఈ పనులకు దొరకకుండుట మన దేశమున పాత జబ్బు.

శంకరములో 1907 ప్రాంతమున అలెగ్జాండరు రీ అను పురావస్తు అధికారి త్రవ్వకములు జరిపెను. గుహలు, స్తూపములు, చైత్యములు బయల్పడినవి. దొరకిన నాణెములలో సముద్రగుప్తుని బంగారునాణెము కూడ గలదు. కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో నున్న ఈ స్థలము 2022లో జిల్లాల విభజన జరిగినపిమ్మట అనకాపల్లి జిల్లాకు చెందినది. ఇచ్చట ఒక విషయమును దాచక చెప్పవలెను. కనుమనాడు చుట్టుప్రక్కల గ్రామములవారు వేలాదిగ బొజ్జన్నకొండకు వచ్చి, బొజ్జ ఆకారమున నున్న ఒక రాతి భాగమును రాక్షసుని బొజ్జగా భావించి దానిపై రాళ్ళు రువ్వు ఆచారము ఉండెడిది. పురావస్తుశాఖవారును, ఇంటాక్ అను వారసత్వ సంరక్షణ సంస్థవారును అడ్డుపడి దానిని మాన్పింప పూనుకొనిరి. రాళ్ళు వేసినవారు దుర్మార్గులు కారు. పండుగనాడు పిల్లలను భుజమున కెత్తుకొని, తాతతండ్రులు చేసినదే తామును చేసినవారు. బుద్ధన్న అను పేరు బొజ్జన్నగా మారి, బొజ్జన్న అను మాటనుండి ఒక బొజ్జయు, ఆ బొజ్జనుండి ఒక రాక్షసుడును పుట్టెనో యేమో! పేరులోని అర్థము మరుగుపడిన ఎంతటి అనర్థము కలుగునో చూపుటకు ఇంతకంటె వేరు దృష్టాంతము అక్కరలేదు. పోలీసులను నిలిపి ఒక సంవత్సరము ఆపవచ్చును. ఆ కొండపై నేమి జరిగెనో ఆ గ్రామముల బడులలో చెప్పిననే అది నిలకడగా ఆగును.

సింహాచలము సంగతి వేరు. అది శిథిలము కాదు. నిత్యపూజలతో వెలుగుచున్న క్షేత్రము. అచ్చటి శాసనములు ఐదువందలకు పైబడియున్నవి. చోళరాజగు కులోత్తుంగుని కాలపు 1098వ సంవత్సరపు శాసనము వానిలో మిక్కిలి ప్రాచీనము. తూర్పు గాంగులు ఆలయమును విస్తరించిరి. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో 1516లో ఇచ్చటికి వచ్చి స్వామిని సేవించి కానుకలు సమర్పించెను. అయితే రాజుల పేర్లకంటె ఆ శాసనములలో సామాన్యుల దానముల కథలే మనసునకు పట్టును: ఒకరు అఖండదీపమునకు ఏర్పాటు చేసిరి, ఒకరు పూలతోట నిచ్చిరి, ఒకరు నైవేద్యమునకు భూమి నిచ్చిరి. తెలుగు, సంస్కృతము, ఓఢ్రము మూడును ఆ స్తంభములపై కలిసి కాపురము చేయుచున్నవి. ఇట్టి ఆలయములలో శత్రువు వాన కాదు, భక్తుని ఉత్సాహము. జీర్ణోద్ధరణ పేరిట సున్నము, పిమ్మట రంగు, దానిపై ఎనామెలు పూయుదురు. శాసనాక్షరముల పల్లములు పూడిపోవును. మరికొన్నిచోట్ల పాత పూతలను వదల్చుటకు ఒత్తిడితో ఇసుకను చిమ్ముదురు. పూతతోబాటు అక్షరముల అంచులును పోవును. నున్నని గ్రానైటుపలకలు పరచి పాత నేలరాళ్ళను బయట పారవేయుదురు. పారవేసిన ఆ రాళ్ళలో శాసనములున్నవో లేవో చూచువాడు లేడు. పెద్ద క్షేత్రములపై నలుగురి దృష్టి యైన నుండును. పల్లెలలోని చిన్న శివాలయములు, చెరువుగట్లపై నిలిపిన రాళ్ళు, వీరగల్లులు, పాత సత్రములు, తూములు, ఇవి యే జాబితాలోను లేవు.

సింహాచలమును తలచినప్పుడు పంచగ్రామముల విషయమును ప్రక్కకు నెట్టి మాటలాడుట న్యాయము కాదు. అడవివరము, వేపగుంట, పురుషోత్తపురము, చీమలపల్లి, వెంకటాపురము గ్రామములలో దేవస్థానపు భూములనబడు స్థలములలో వేలాది కుటుంబములు ఇండ్లు కట్టుకొని దశాబ్దములుగా హక్కుపత్రముల కొరకు ఎదురుచూచినవి. ఇది పురావస్తువుల తగాదా కాదు, నిజమే. అయినను పెందుర్తివారి మనసులో ఆ అనుభవము నాటుకొనియున్నది. ‘రక్షిత ప్రదేశము’ అని ఒక బోర్డు కనబడినంతనే, తమ ఇంటిగోడ కొకనాడు గునపము తగులునేమో యని సామాన్యుడు భయపడుట సహజము. ఆ భయమును గేలిచేయు పరిరక్షకుడు తన పనిని తానే చెరుపుకొనును.

చట్టము చెప్పునది కొంత తెలిసియుండుట మంచిది. 1904లో కర్జను ప్రభువు కాలమున ప్రాచీన కట్టడముల రక్షణకు చట్టము వచ్చినది. స్వాతంత్ర్యానంతరము 1958లో కేంద్రచట్టమును, 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టమును వెలువడినవి. 2010 సవరణ ప్రకారము కేంద్రరక్షణలోని కట్టడమునకు చుట్టు 100 మీటర్లవరకు క్రొత్త నిర్మాణము నిషిద్ధము. ఆ పైన మరి 200 మీటర్లవరకు అనుమతి పొందియే కట్టవలెను. భూమిలో దొరకిన నిక్షేపమును గూర్చి 1878 నాటి చట్టము గలదు: దొరకినవాడు కలెక్టరునకు తెలుపవలెను. నాగలికి తగిలిన బిందెను గురించి నోరు మెదపనివాడు దొంగ కానక్కరలేదు, చట్టమును ఎరుగనివాడు కావచ్చును. ఈ నియమములు ఒక పుటలో తేటతెలుగున అచ్చువేసి పంచాయతీ గోడలపై అంటించినచో కొన్ని తగవులైనను తప్పును. ఈ మూడువందల మీటర్లను భూమిపై కొలిచి రాళ్ళు పాతి చూపినవారు తక్కువ. ఇల్లు పునాదులపై లేచినపిమ్మట నోటీసు పంపువారు ఎక్కువ. భూమి అనుభవము కోల్పోవు చిన్న రైతుకు వేరుచోట భూమియో, తగిన పైకమో ఇచ్చుట ధర్మము. పదిమంది ఆస్తిగా దేనిని కాపాడుచున్నారో దాని వెలను ఒక్కనిచేత కట్టించుట తగదు.

ఈ జిల్లా ప్రజలు త్యాగము నెరుగనివారు కారు. ఉక్కు కర్మాగారము కొరకు 1966లో జరిగిన ఉద్యమమున 32మంది ప్రాణములు కోల్పోయిరి. 1971 జనవరి 20వ తేదీన శంకుస్థాపన జరిగినది. కర్మాగారము కొరకు 64 గ్రామములవారు భూములు విడిచిరని చెప్పుదురు. ఆ పల్లెల బావులు, గుళ్ళు, రావిచెట్ల అరుగులు ఇంక కంటికి కనబడవు. కర్మాగారము వలదని ఎవరును అనలేదు, అనరు. ఊరు లేచిపోవుటకు ముందు దాని గుర్తులను వ్రాసికొనుట కొక నెల చాలియుండును.

అట్లు వ్రాసికొనుటయే కాదు, ఎత్తి మరియొకచోట నిలిపిన దృష్టాంతము తెలుగుదేశముననే కలదు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగినది. ఇక్ష్వాకుల రాజధాని మునిగిపోవునని తెలిసి, 1954 మొదలు 1960 వరకు లోయనంతను త్రవ్విరి. ముఖ్యమైన కట్టడములను ఇటుకకు ఇటుకగా, రాతికి రాయిగా తరలించి కొండపై తిరిగి నిలిపిరి. 1966లో ప్రదర్శనశాల తెరచిరి. ఈజిప్టులో అస్వాను ఆనకట్ట కొరకు అబూసింబెలు దేవాలయములను 1964 మొదలు 1968 వరకు కోసి పైకెత్తిన వార్త ప్రపంచమంతయు ఎరుగును; నాగార్జునకొండ దానికి ముందుదని ఎరిగినవారు తక్కువ. దీనికి ఎదురుగా అమరావతి కథ. 1797లో కర్నల్ మెకంజీ చూచునప్పటికే ఆ స్తూపపు రాళ్ళు క్రొత్త కట్టడములకు తరలిపోవుచుండెను. మిగిలిన శిల్పములలో చాలభాగము చెన్నపట్టణపు ప్రదర్శనశాలకును, లండనుకును చేరినవి. సొంత ఊరిలో స్తూపము ఒక దిబ్బగా మిగిలినది.

ఎర్రమట్టి దిబ్బలను మనుష్యులు కట్టలేదు. గాలియు, నీరును, సముద్రపు పోటుపాటులును వేలాది సంవత్సరములు శ్రమించి కట్టినవి. భీమిలి మార్గమున నున్న ఈ ఇసుకతిన్నెలవంటివి తమిళదేశమునను, సింహళమునను తప్ప దక్షిణాసియాలో కానరావు. 2014లో వీనిని జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తించిరి. అయినను 2024లో వీని సమీపమున యంత్రములతో నేలను చదునుచేయుచున్నారని పెద్ద అలజడి చెలరేగినది. 2025 సెప్టెంబరులో యునెస్కోవారి తాత్కాలిక జాబితాలో వీనికి చోటు లభించినది. కూలిన గోడను తిరిగి కట్టవచ్చును. త్రవ్విన దిబ్బను కట్టగల మేస్త్రీ లేడు.

భీమునిపట్టణపు డచ్చివారి సమాధులు, విశాఖ పాతపట్టణమున బొబ్బిలి రాజావారి దానముతో లేచిన టౌనుహాలు, కురుపాము మార్కెట్టు ద్వారము, వీనిని గూర్చి పట్టణవాసులు కొంత శ్రద్ధ వహించుచున్నారు గనుక ఇచ్చట పేర్కొనుటతో సరిపుచ్చవచ్చును.

గ్రంథాలయమునకు ఈ పనితో సంబంధమేమని కొందరు అడుగవచ్చును. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిననాడు గ్రంథాలయమనగా పుస్తకముల బీరువా అని మాత్రమే ఆ పెద్దలు తలపలేదు. ఊరి జ్ఞానమునకు అది నిలయమని తలచిరి. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండి, ఎవరును నేర్పకయే పాతలిపులను అభ్యసించి, శ్రీముఖలింగము ఆలయ శాసనములను చదివి, గాంగరాజులను గూర్చి వ్యాసములు ప్రకటించిరి. (వ్యావహారిక భాషకొరకు జీవితమంతయు పోరాడిన ఆ మహనీయుని పేరును ఇట్టి గ్రాంథికమున తలచుటకు ఆయన నవ్వి ఊరకుందురు గాక!) బడిపంతులుకు సాధ్యమైనది గ్రంథాలయమునకు అసాధ్యము కాదు.

చేయవలసిన పని సులభమైనది. ఒక దళసరి రిజిస్టరు కొనవలెను. పెందుర్తి చుట్టునున్న పల్లెలలో ఒక్కొక్క పాత రాయికిని, గుడికిని, బావికిని, తూమునకును ఒక పుట కేటాయింపవలెను. స్థలము పేరు, జనులు పిలుచు పేరు, ఏ దిక్కున ఎంత దూరము, రాతి ఎత్తు వెడల్పులు, ఎవరి భూమిలో నున్నది, ఊరి పెద్దలు దానిని గురించి చెప్పు కథ వ్రాయవలెను. కథ నిజమా కాదా యని అప్పుడే తీర్పు చెప్పనక్కరలేదు. అక్షరములున్న రాతిని సుద్దముక్కతో రుద్దరాదు, మేకుతో గీకరాదు, నూనె పోయరాదు. ప్రొద్దున్నయో, సాయంకాలముననో, ఎండ ఏటవాలుగా పడునప్పుడు ఛాయాచిత్రము తీసినచో అరిగిన అక్షరములు కూడ నీడలతో పైకి తేలును. ఈ పనికి నేడు ప్రతి యువకుని జేబులోని ఫోను చాలును. తడికాగితము అద్ది, బ్రష్షుతో తట్టి, సిరా పూసి ప్రతి తీయు విద్యను మాత్రము శాసనశాఖవారికి విడువవలెను. తెలియనివారు చేసినచో రాయి పాడగును.

రిజిస్టరు ఒక ప్రతి ఇచ్చట నుండవలెను; రెండవ ప్రతి పురావస్తుశాఖ కార్యాలయమునకు పంపి, రసీదు పుచ్చుకొనవలెను. రసీదు లేని అర్జీకి ఆయుర్దాయము తక్కువ. ఉన్నత పాఠశాల విద్యార్థులను ఇద్దరిద్దరుగా పంపి, వారితో ఊరిపెద్ద ఒకరు పోవునట్లు ఏర్పాటు చేసినచో రానున్న వేసవి సెలవులలో పని మొదలగును. వానలు పడి తుప్పలు పెరిగినచో రాళ్ళు కనబడవు. కావున తొలకరికి ముందే చెరువుగట్లను, పాడుబడిన గుళ్ళను చూచి రావలెను. కొండలపైకి పోవుట పంట కోతలైన పిమ్మటకు వాయిదా వేసికొనవచ్చును.